తల కదలకూడదా, చూపు చెదరకూడదా?

అండమాన్ రాజధాని శ్రీ విజయపురంలో, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊళ్లో, జంగ్లీఘాట్ వైపు వెళితే చెవిన తెలుగు పడుతుంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి సముద్రం దాటి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి. ఆ తీరాల్లో తరతరాలుగా తెలిసిన పనుల్లో విసురు వల వేయడం ఒకటి.

వల వేసే మనిషిని ఒకసారి శ్రద్ధగా గమనించండి. అంచున సీసపు గుళ్లున్న తడి వలలో కొంత భాగం మోచేతి మీద, కొంత భుజం మీద ఉంటుంది. కొందరు ఒక కొసను పళ్లతో కరచి పట్టుకుంటారు. కాళ్ల కింద పడవ ఊగుతూనే ఉంటుంది. నడుము వెనక్కి తిరుగుతుంది, బరువు వెనక కాలి మీదికి పోయి మరుక్షణం ముందు కాలి మీదికి వస్తుంది, చేతులు విచ్చుకుంటాయి, వల గాలిలో గుండ్రంగా విప్పారి నీటి మీద పడుతుంది. గోల్ఫ్ కర్రను ఊపే ఆటగాడి శరీరం చేసేది కూడా దాదాపు ఇదే. నేల నుంచి కాళ్లు, కాళ్ల నుంచి నడుము, నడుము నుంచి భుజాలు, చివరికి చేతులు: బలం ఒక్కో మెట్టూ ఎక్కుతూ వేగంగా మారుతుంది.

ఇంతకీ ఈ పనిలో తల ఏం చేస్తుంది? కదులుతుంది. భుజాలతో పాటు కొంత తిరుగుతుంది, పడవతో పాటు కొంత లేస్తుంది, దిగుతుంది. చూపు మాత్రం నీటి మీద ఎంచుకున్న చోటును వదలదు. ఈ విద్య నేర్చుకునే కుర్రవాడికి కావలసిన సూచన "అక్కడ చూడు" అనే రెండు మాటలే. తల సంగతి శరీరం చూసుకుంటుంది.

గోల్ఫ్ మైదానంలో పరిస్థితి తలకిందులు. అక్కడ కొత్తవారికి మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వినబడే మాట "తల కదపకు", "తలెత్తకు". బంతి గతి తప్పిన ప్రతిసారీ పక్కన నిలబడ్డ మిత్రుడు చెప్పే కారణం కూడా ఇదే. గోల్ఫ్ ఈ దీవుల ఆట కాదు. సముద్రానికి ఇవతలి ఒడ్డున విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్, హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నయాఖిల్లా మైదానం తెలుగువారికి తెలిసిన గోల్ఫ్ చోట్లు. అయినా ఆ ఆదేశం గోల్ఫ్ దగ్గరే ఆగిపోలేదు. క్రికెట్ నెట్స్‌లో, బ్యాడ్మింటన్ కోర్టులో, పాఠశాల మైదానాల్లో పిల్లలకు అది మంత్రంలా అప్పజెబుతున్నారు. దీవుల పిల్లలకైనా, ప్రధాన భూభాగం పిల్లలకైనా, అది సగం నిజమే. మిగతా సగం వారి మెడకూ నడుముకూ భారం.

నిజమైన సగంతోనే మొదలుపెట్టాలి. గోల్ఫ్ బంతి వ్యాసం కనీసం 42.67 మిల్లీమీటర్లు ఉండాలని నియమం. కర్ర గాలిలో గీసే వంపుకు ఒక కేంద్రం ఉంటుంది, ఆ వంపుకు అడుగున ఒక అత్యల్ప బిందువు ఉంటుంది. కేంద్రం పక్కకు 5 సెంటీమీటర్లు జరిగి తిరిగి రాకపోతే, అడుగు బిందువు కూడా దాదాపు అంతే జరుగుతుంది. అంటే బంతి వ్యాసం కంటే ఎక్కువ. అప్పుడు కర్ర బంతికి ముందే నేలను తవ్వుతుంది, లేదా బంతి నెత్తిని రాసుకుంటూ పోతుంది. కేంద్రం నిలకడ లేకుండా నిలకడైన దెబ్బ లేదు. ఇందులో వివాదం ఏమీ లేదు.

వివాదమల్లా ఆ కేంద్రం ఎక్కడుంది అన్నదే. బ్రిటన్‌లో శాస్త్రజ్ఞుల బృందం ఒకటి గోల్ఫ్ ఊపును ఏళ్ల తరబడి పరిశీలించింది. ఆ ఫలితాలను అలస్టర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ 1968లో పుస్తకంగా తెచ్చారు. అందులో వారు గోల్ఫ్ ఊపును రెండు కడ్డీల నమూనాగా చూపారు. భుజాలు, చేతులు కలిసి ఒక కడ్డీ, కర్ర మరొకటి, మణికట్టు మధ్యలో కీలు. మొదటి కడ్డీ తిరిగే ఇరుసును వారు ఛాతీ పైభాగంలో, రెండు భుజాల నడుమ ఉంచారు. తలలో కాదు. తల ఆ ఇరుసు మీద కూర్చున్న బరువు. పెద్దవారిలో అది నాలుగున్నర, ఐదు కిలోల దాకా ఉంటుంది. ఇరుసు పక్కకు జారితే తల కూడా జారుతుంది, అది బయటికి స్పష్టంగా కనబడుతుంది. అందుకే చూసేవాడు తలను తప్పుపడతాడు. జ్వరం వస్తే థర్మామీటర్‌ను మంచులో పెట్టడం లాంటి వైద్యం ఇది.

తల కదలిక అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు విషయాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి జరగడం: తల మొత్తంగా పక్కకో, పైకో, ముందుకో పోవడం. రెండోది తిరగడం: ఉన్నచోటే ఉండి గడ్డం కుడికో ఎడమకో మళ్లడం. ఈ తేడా పండితుల కోసం పుట్టింది కాదు. మన లోపలి చెవి దీన్ని ఏనాడో గుర్తించి రెండు వేర్వేరు పరికరాలు పెట్టుకుంది. మూడు అర్ధవృత్తాకార నాళాలు తిరగడాన్ని పసిగడతాయి. వాటి పక్కనే ఉన్న రెండు చిన్న సంచుల్లో సున్నపు రేణువులు పరచుకుని ఉంటాయి. అవి జరగడాన్నీ, వంగడాన్నీ చెబుతాయి.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఈ వాక్యం మీద చూపు నిలిపి, తలను అడ్డంగా గబగబా ఊపండి. అక్షరాలు చదవగలుగుతారు. ఇప్పుడు తలను ఆపి, ఫోనునో కాగితాన్నో అంతే వేగంతో ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. కదలిక ఒకటే అయినా ఫలితం వేరు. తల తిరిగినప్పుడు నాళాల నుంచి వచ్చే సంకేతం కళ్లను సరిగ్గా ఎదురు దిశలో తిప్పుతుంది. దీనికి పట్టే సమయం సుమారు 10 మిల్లీసెకన్లే. కదిలే వస్తువును కంటితో చూసి వెంబడించడానికి మెదడు తీసుకునే సమయం దీనికి పది రెట్లు. మనిషి తల తిరుగుతున్నా చూపు నిలవడానికి ప్రకృతి ఇంత వేగమైన ఏర్పాటు చేసిపెట్టింది. దాన్ని వాడుకోవద్దని చెప్పడమే "తల కదపకు" అనే మాటలోని చిక్కు.

తల పక్కకు జరిగితే లెక్క కాస్త మారుతుంది. నిలబడిన ఆటగాడి కంటికి బంతి ఒకటిన్నర మీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. తల 5 సెంటీమీటర్లు పక్కకు జరిగితే కళ్లు దాదాపు రెండు డిగ్రీలు సర్దుకోవాలి. ఎంత సర్దుకోవాలన్నది వస్తువు దూరాన్ని బట్టి మారుతుంది. దగ్గరి వస్తువుకు ఎక్కువ, దూరపు వస్తువుకు తక్కువ. చూపుకు ఇదేమీ మోయలేని భారం కాదు. దెబ్బకు మాత్రం ఇది చేటు, ఎందుకంటే తల కింద ఉన్న ఇరుసు కూడా జరిగిందన్నమాట. కాబట్టి శిక్షకుడు భయపడవలసింది జరగడానికి. తిరగడానికి కాదు.

ఈ విషయంలో గోల్ఫ్ లోకం ఎప్పుడూ చెప్పుకునే కథ జాక్ నిక్లాస్‌ది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కుర్రవాడిగా ఆట నేర్చుకునేటప్పుడు, గురువు జాక్ గ్రౌట్ తన సహాయకుణ్ని ఎదురుగా నిలబెట్టి, కుర్రవాడి జుట్టు పట్టుకోమనేవాడు. తల కదిలితే జుట్టు లాగుతుంది, కన్నీళ్లు వస్తాయి. ఆ కుర్రవాడు తర్వాత 18 ప్రధాన టోర్నమెంట్లు గెలిచాడు. తలను బిగించాలనే వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదని చాలామంది నమ్మకం. అదే నిక్లాస్, కర్రను వెనక్కి తీసే ముందు గడ్డాన్ని కుడివైపుకు తిప్పేవాడు. అది అతని ఆటకు గుర్తింపు చిహ్నం. జుట్టు పట్టుకున్న చెయ్యి ఆపింది జరగడాన్ని. గడ్డం మళ్లడాన్ని ఎవరూ ఆపలేదు, అతనే కావాలని చేశాడు.

ఎందుకు చేశాడో శరీర నిర్మాణం చెబుతుంది. పూర్తి ఊపులో వెనక్కి వెళ్లినప్పుడు భుజాలు దాదాపు 90 డిగ్రీలు తిరుగుతాయి. యువకుల మెడ ఒక పక్కకు తిరగగలిగేది 80 డిగ్రీలకు అటూ ఇటూ. వయసుతో పాటు ఇది తగ్గుతూ పోతుంది. తలను కదలకుండా బంతికేసి బిగించి, భుజాలను 90 డిగ్రీలు తిప్పమంటే ఆ తేడా ఎక్కడి నుంచి రావాలి? యువకుడైతే మెడను చివరి అంచు దాకా మెలితిప్పుతాడు. యాభై దాటినవారు భుజాలను సగంలోనే ఆపేసి, చేతులతో ఈడ్చి కొడతారు. లేదా నడుము పక్కకు వంగుతుంది. గోల్ఫ్ ఆడేవారిలో ఎక్కువగా కనిపించే గాయాల్లో నడుము కింది భాగం నొప్పి ముందు వరుసలో ఉంటుంది. దానికి కారణాలు చాలా. తలను బలవంతంగా నిలిపి దాని కింద మొండేన్ని మెలిపెట్టే అలవాటు ఆ కారణాలకు ఏ మేలూ చేయదు.

బంతిని కొట్టాక కూడా తల దించే ఉంచాలన్న సూచన ఇంకా విచిత్రం. మేటి ఆటగాళ్ల కర్ర కొస వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బంతికీ కర్రకూ మధ్య స్పర్శ దాదాపు అర మిల్లీసెకను మాత్రమే. కర్ర పైనుంచి కిందికి రావడానికి పట్టేది సుమారు పావు సెకను. కంటితో చూసినదానికి చేయి స్పందించడానికి దాదాపు ఐదో వంతు సెకను కావాలి. అంటే కర్ర కిందికి బయలుదేరాక, చూసి దిద్దుకునే అవకాశం ఇంచుమించు లేదు. ఆ చివరి క్షణంలో బంతి మీద కన్ను ఉన్నా, లేకున్నా దెబ్బ అప్పటికే నిర్ణయమైపోయింది. స్వీడన్ క్రీడాకారిణి అన్నికా సోరెన్‌స్టామ్, అమెరికన్ డేవిడ్ డువాల్ ఇద్దరూ కర్ర బంతిని తాకే వేళకే తలను లక్ష్యం వైపు తిప్పేసేవారు. 1999లో డువాల్ ప్రపంచ మొదటి ర్యాంకు ఆటగాడు, 2001లో బ్రిటిష్ ఓపెన్ విజేత. సోరెన్‌స్టామ్ 10 ప్రధాన టైటిళ్లు గెలిచింది. పాఠ్యపుస్తకం ప్రకారం ఈ ఇద్దరూ మొదటి పాఠంలోనే తప్పినవారు.

వారిని అనుకరించమని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇద్దరిలోనూ తల తిరిగింది గానీ మొండెం పైకి లేవలేదు, వెన్ను వంపు చెడలేదు. కొత్త ఆటగాడు "తలెత్తినప్పుడు" జరిగేది వేరు. బంతి ఎటు పోయిందో చూడాలన్న ఆత్రంతో వెన్ను నిటారవుతుంది, ఇరుసు పైకి లేస్తుంది, కర్ర బంతి నెత్తిని గీరుతుంది. లేచింది వెన్ను. తిట్లు తిన్నది తల.

అండమాన్ తీరంలో ఈ పాఠాన్ని మనుషుల కంటే బాగా చెప్పగల గురువు ఒకటుంది. పగడపు దిబ్బల మీద, ఆటు వేళ బయటపడే రాళ్ల మీద ఒంటరిగా నిలబడే నల్లని, తెల్లని తీరపు కొంగలు. అది చేపను చూసినప్పుడు మెడ సాగుతుంది, ఒళ్లు ముందుకు పోతుంది, తల మాత్రం గాలిలో మేకు కొట్టినట్టు ఆగిపోతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త గాడి కట్జిర్, సహచరులు కొంగలను కదిలే కొమ్మల మీద నిలబెట్టి కొమ్మను ఊపి చూశారు. 2001లో ప్రచురించిన ఆ పరిశీలనలో, కొమ్మా ఒళ్లూ ఊగుతున్నా కొంగ తల తన చోటును గట్టిగా నిలుపుకుంది. ఎలా? మెడ బిగించి కాదు. బిగిస్తే కొమ్మతో పాటు తలా ఊగేది. కింద జరిగే ప్రతి కదలికకు మెడ ఎదురు కదలిక చేసింది కాబట్టి తల నిలిచింది. ఆ నిశ్చలత్వం వెనక మెడ ఎడతెగకుండా పనిచేస్తోంది.

తెలుగు వారికి దీనికి ఉదాహరణ కోసం కొంగ దాకా పోనక్కర్లేదు. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు ఆనించి, నెత్తిన నీళ్ల చెంబుతో ఆడుతుంది. మోకాళ్లు, తుంటి, నడుము ఎంత వదులుగా పనిచేస్తే చెంబు అంత నిలుస్తుంది. మెడ రాయిలా చేసుకుంటే పళ్లెం కుదుపు నేరుగా చెంబుకు ఎక్కుతుంది. బుట్టలు నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడవాళ్లకు కూడా ఈ సంగతి ఎవరూ సూత్రంగా చెప్పలేదు. 1990లో ఫ్రాన్స్‌కు చెందిన తియెరీ పొజో, అలైన్ బెర్తోజ్ బృందం మనుషులు నడిచేటప్పుడు, పరుగెత్తేటప్పుడు, గెంతేటప్పుడు తల కదలికలను కొలిచింది. ఒళ్లు పైకీ కిందికీ ఎగిరినా, తల వంపు ఇరుకైన హద్దుల్లోనే ఉందని తేల్చింది. మెదడు తలను ఒక దిక్సూచి వేదికలా నిలుపుకుంటుంది, మిగతా ఒంటిని దానికి అనుగుణంగా నడుపుతుంది అన్నది వారి వివరణ. నిలకడైన తల ఒక ఫలితం. ఫలితాన్ని ఆజ్ఞాపించడం సులువు, దాన్ని పుట్టించే పనిని నేర్పడం కష్టం. మన శిక్షణ చాలావరకు సులువైన దారి పట్టింది.

తల చోటు మారకపోవడం నిజంగా అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. ఈ దీవుల ఆదివాసులు లోతులేని నీటిలో విల్లంబులతో చేపలు కొట్టేవారని పాత రికార్డులన్నీ చెబుతాయి. 1906–08 మధ్య ఇక్కడ పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1922లో ప్రచురించిన గ్రంథం వాటిలో ప్రసిద్ధం. నీటిలోని చేప ఉన్నచోట కనబడదు. కాంతి వక్రీభవనం వల్ల నిట్టనిలువుగా చూసినా 60 సెంటీమీటర్ల లోతున ఉన్న చేప 45 సెంటీమీటర్ల దగ్గర ఉన్నట్టు తోస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా పైన. వేటగాడు కనబడే చేపకు కాస్త కిందికి గురిపెట్టాలి. ఎంత కిందికి అన్నది కన్ను ఎంత ఎత్తున, ఏ కోణంలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. కంటి చోటు ప్రతిసారీ ఒకేలా ఉంటే పొరపాటు కూడా ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. ఒకేలా ఉండే పొరపాటును అలవాటుతో దిద్దుకోవచ్చు. రోజుకో రకంగా మారే పొరపాటును ఏ సాధనా దిద్దలేదు. తీరపు కొంగలు నీటి వక్రీభవనాన్ని ఎలా సర్దుకుంటాయో కట్జిర్, ఇంట్రేటర్ 1987లో పరిశీలించినప్పుడు కూడా, దాడికి ముందు అవి తలను ఎక్కడ నిలుపుతున్నాయన్నదే కీలకమని తేలింది.

(ఆ వేటగాళ్ల తల కదలికలను కెమెరాలతో కొలవాలని ఇప్పుడు ఎవరికైనా అనిపిస్తే, ఆ ఆలోచన అక్కడితో ఆపడం మంచిది. 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనలు జారవా, సెంటినలీస్ వంటి సమూహాల దగ్గరికి బయటివారు వెళ్లడాన్ని నిషేధించాయి. జ్ఞానం పేరుతో వారిని ప్రదర్శన వస్తువులుగా చూసిన చరిత్ర ఈ దీవులకు ఇప్పటికే చాలినంత ఉంది.)

గోల్ఫ్‌లో ఈ విలుకాడి స్థితికి దగ్గరగా వచ్చేది పుటింగ్, అంటే గుంత దగ్గర బంతిని మెల్లగా దొర్లించే దెబ్బ. అక్కడ భుజాలు 90 డిగ్రీలు తిరగవు, మెడకు పరీక్ష లేదు, వేగం తక్కువ. చిన్న కోణపు తేడా కూడా గుంతను తప్పిస్తుంది. అక్కడ తల నిలపమనడం న్యాయమైన మాటే. అయినా పరిశోధన చూపింది తలకంటే చూపు మీదే. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ విక్కర్స్ 1992లో మంచి ఆటగాళ్లు, సాధారణ ఆటగాళ్లు పుటింగ్ చేసేటప్పుడు కళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో నమోదు చేసింది. నిపుణుల చూపు దెబ్బకు ముందు బంతి మీద ఒకేచోట ఎక్కువసేపు నిలిచింది. బంతి కదిలి వెళ్లిపోయాక కూడా అది ఉన్న చోటే కాసేపు ఉండిపోయింది. తక్కువ నైపుణ్యం ఉన్నవారి చూపు బంతికీ, కర్రకూ, గుంతకూ మధ్య తిరుగుతూ ఉంది. ఈ నిలకడ చూపును తర్వాత శిక్షణలో నేర్పవచ్చనీ, ఒత్తిడిలో కూడా అది పనిచేస్తుందనీ ఇంగ్లండ్‌లో శామ్యూల్ వైన్, మార్క్ విల్సన్ తదితరులు చూపారు.

క్రికెట్ ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే అక్కడ బంతి కదులుతుంది. "తల నిలిపి బంతిని చివరిదాకా చూడు" అని చెప్పని కోచ్ ఉండడు. 2000లో మైఖేల్ లాండ్, పీటర్ మెక్‌లియోడ్ బ్యాటర్ల కళ్లను నమోదు చేస్తే, వారు బంతిని చివరిదాకా చూడటం లేదని తేలింది. బంతి చేతి నుంచి వెలువడగానే, అది ఎక్కడ పడుతుందో ఆ చోటికి చూపు ముందే దూకుతోంది. 2013లో డేవిడ్ మాన్, వేన్ స్ప్రాట్‌ఫోర్డ్, బ్రూస్ అబెర్నెతీ అగ్రశ్రేణి బ్యాటర్లను పరీక్షించి మరో సంగతి చెప్పారు. మేటి బ్యాటర్లు బంతి గమనంతో పాటు తలను తిప్పుతున్నారు. తలకు సంబంధించినంతవరకు బంతి ఎప్పుడూ ఒకే దిశలో ఉండేలా చూసుకుంటున్నారు. వారి తల నిలకడగా కనబడటానికి కారణం అది బంతితో జతకట్టి తిరగడమే. అలాంటివారి వీడియో చూపించి పిల్లవాడితో "చూడు, తల ఎలా కదపకుండా ఉన్నాడో" అంటే, చూపించినది ఒకటి, చెప్పినది మరొకటి.

దీనికి శిక్షకుల వైపు నుంచి ఒక జవాబు ఉంది, అది తేలికగా తీసేయదగ్గది కాదు. "ఈ శాస్త్రం అంతా మాకూ తెలుసు. పదేళ్ల పిల్లవాడికి జరగడం, తిరగడం అని వ్యాఖ్యానం చేస్తామా? తల కదపకు అంటే అతను కనీసం పక్కకు ఊగడం మానేస్తాడు. మిగతాది తర్వాత దిద్దుకోవచ్చు." ముప్పై మంది పిల్లలకు ఒక్క శిక్షకుడు ఉన్నచోట చిన్న మాట కావాలి, నిజమే. కానీ చిన్న మాటల్లో మంచివీ చెడ్డవీ ఉంటాయి. గాబ్రియేల్ వుల్ఫ్, సహచరులు 1999లో గోల్ఫ్ కొత్తగా నేర్చుకునేవారిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపును చేతుల కదలిక మీద, మరో గుంపును కర్ర కదలిక మీద మనసు పెట్టమన్నారు. కర్ర మీద మనసు పెట్టినవారు గురిలో మెరుగ్గా ఉన్నారు. ఇలాంటి ఫలితం తర్వాత ఎన్నో ఆటల్లో, ఎన్నో పనుల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. సొంత ఒంటిలో ఒక భాగాన్ని గమనించమంటే శరీరం బిగుసుకుంటుంది. బయటి వస్తువును చూపిస్తే దారి అదే వెతుక్కుంటుంది. "తల కదపకు"కు బదులు "బంతి కింద ఉన్న గడ్డిని చూడు" అనడానికి పట్టేది అంతే ఊపిరి. వల వేసేవాడికి నీళ్లు చూపించినట్టే.

అండమాన్‌లో ఈ చర్చకు ప్రత్యేక కారణం ఉంది. ఈ దీవులు ఆటల్లో వెనుకబడినవి కావు. 2018లో ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో కీరిన్ విభాగంలో రజతం గెలిచి, ఆ స్థాయి పతకం సాధించిన మొదటి భారతీయుడైన ఈసో ఆల్బెన్ అండమాన్ కుర్రవాడు. డెబొరా హెరాల్డ్, డేవిడ్ బెకమ్ ఎల్కటోచూంగో కార్ నికోబార్ నుంచి వచ్చారు. పడవ మీద, రాళ్ల మీద, అలల్లో పెరిగే పిల్లలకు కదిలే నేల మీద నిలబడటం చిన్ననాటి నుంచి వచ్చిన చదువు. లోపలి చెవికి, మెడకు, పాదాలకు మధ్య ఉండే ఆ ఒప్పందం పట్నపు పిల్లలు డబ్బిచ్చి నేర్చుకునే విద్య. మైదానంలోకి రాగానే వారికి ఇచ్చే మొదటి ఆదేశం "బిగుసుకో" అయితే, ఇంటి నుంచి తెచ్చిన ఆస్తిని గేటు దగ్గరే వదిలి రమ్మన్నట్టు. దీవుల్లోని శిక్షణ కేంద్రాలు ప్రధాన భూభాగపు శిక్షణ పుస్తకాన్ని తెచ్చి అప్పజెప్పడం మాని, ముందుగా ఈ పిల్లలు ఏం చేయగలరో చూడాలి. ఊగే పలక మీద నిలబెట్టి బంతి పట్టించవచ్చు, పడవలో నిలబెట్టి గురి చూపించవచ్చు. దానికి ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు.

తల జరుగుతోందో, తిరుగుతోందో తెలుసుకోవడానికి కూడా పెద్ద పరికరం ఏమీ వద్దు. సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోన్లు ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉన్నాయి. ఎదురుగా ఫోను నిలిపి, తెర మీద తల చుట్టూ ఒక వలయం గీసి వీడియో నడిపితే చాలు. తల వలయంలోనే ఉండి గడ్డం మళ్లితే సమస్య లేదు. వలయం దాటి పోయి వెనక్కి రాకపోతే చూడవలసింది తుంటినీ, పాదాలనూ. ఫోను లేకపోతే ఎండ ఉంది. సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడి, నేల మీద తన తల నీడ పడిన చోట ఒక గవ్వ పెట్టి కర్ర ఊపి చూసుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. శ్రీ విజయపురం సుమారు 11.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ మూడో వారంలో, మళ్లీ ఆగస్టు మూడు, నాలుగు వారాల నడుమ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నీడ పాదాల కిందికి పోతుంది. పొద్దున్నే చేయాలి. అది కష్టమేమీ కాదు. భారత ప్రామాణిక రేఖకు పది డిగ్రీలు తూర్పున ఉండటం వల్ల ఆ దీవుల్లో వేసవిలో ఐదు గంటలకే తెల్లవారుతుంది, అప్పటికి జంగ్లీఘాట్‌లో రాత్రి వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరుతూ ఉంటాయి.